రాజుగారి టోపీకి తాడు

తాటాకు టోపీలు అల్లే గవరయ్యకి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. నిజం దాచడం పాపమని, తనంతటి పనివాడు లేడని దారినపోయే వాళ్ళందరికీ చెప్పేవాడు, అంతే. ఆ మాట సముద్రం ఒడ్డునున్న కోటదాకా పాకింది. రాజుగారు అతని చేత ఓ వెడల్పంచు టోపీ అల్లించుకున్నారు. మొదటి ఊరేగింపులోనే గాలికి అది ఎగిరి, ఓ గేదె కొమ్ముకి తగులుకుంది.

"రేపటికల్లా అది నా తలమీద నిలవాలి. లేదంటే తాటితోపులో ఇక నువ్వు ఆకు కొట్టడానికి వీల్లేదు," అన్నారు రాజుగారు.

ఆ ఆకే గవరయ్యకి కూడు. "గడ్డం కింద తాడు కడితే చాలు ప్రభూ."

"తాడా? నేనేమన్నా ఎద్దునట్రా?"

మర్నాడు ఒడ్డునే సభ తీరింది. గవరయ్య గాలి వచ్చే వైపున, రాజుగారికి ఎదురుగా నిలబడ్డాడు. "తాడు అక్కర్లేదు ప్రభూ. గాలి వీచినప్పుడల్లా ఇటు తిరిగి తల కాస్త వంచండి. గాలి అంచు కింద దూరకుండా, టోపీని పైనుంచి నొక్కిపడుతుంది."

గాలి వీచింది. రాజుగారు తల వంచారు. టోపీ కదల్లేదు. చూసేవాళ్ళకి మాత్రం ఆయన గవరయ్యకి దణ్ణం పెట్టినట్టే ఉంది. రాజుగారే వంగాక మనమెంతని మంత్రీ, సేనాపతీ, వెనకున్నవాళ్ళూ వరసగా వంగారు.

"ఆ తాడేదో కట్టి చావు," అని గొణిగారు రాజుగారు.

గవరయ్య రొంటిలోంచి పట్టుతాడు తీశాడు.

తోపు అతనికి దక్కింది. కానీ ఆనాటి అలవాటు పోక అంతటి మంత్రి ఇంకా ఎదురొచ్చి వంగితే దీవించాలో, తనూ వంగాలో గవరయ్య ఇప్పటికీ తేల్చుకోలేదు.