జీడిపప్పులో వెంట్రుక

పలాస పక్కన ఒక జీడిపప్పు షెడ్డులో పప్పు ఏరే ఊర్మిళకు చేతివేళ్ళు ఎంత చురుకో, ఓర్వలేనితనం అంతకు రెండింతలు ఉండేది. ఎవరైనా కొత్త చీర కట్టుకొస్తే ఆమెకు ఆ రోజంతా తలనొప్పి. ఎవరి కొడుక్కైనా మంచి మార్కులొస్తే ఆ సాయంత్రం కడుపులో మంట. ఇన్నాళ్ళూ ఆమెను నిలబెట్టింది ఒక్క జడే. నడుము దిగి వేలాడే నల్లటి జడ. షెడ్డులో అరవైమంది ఆడవాళ్ళుంటే అందరిలోకీ పెద్ద జడ ఊర్మిళదేనని వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అనేవారు. ఆ మాట చెవిన పడితే చాలు, మిగతావాళ్ళ చీరలనూ మార్కులనూ క్షమించేసేది.

ఊర్మిళ కూచునేది చివరి బల్ల దగ్గర. పప్పు డబ్బాల్లోకి వెళ్ళే ముందు ఆఖరిసారి ఏరి, గుండ్లు వేరు, బద్దలు వేరు చేసే బల్ల అది. నీడపట్టున, ఫ్యాను కింద, చేతికి జీడి రసం అంటని పని. అక్కడ ముగ్గురికే చోటు. ఊర్మిళ పక్కన తల ముగ్గుబుట్టయిన గున్నమ్మ ఉండేది. మూడో పీట దసరా వెళ్ళాక ఖాళీ అయితే, ఆ పీట మీదికి దమయంతి అనే ఆమె కొత్తగా వచ్చింది. మంచం పట్టిన అత్తనూ బడికెళ్ళే ఇద్దరు పిల్లల్నీ ఒక్క చేత్తో సాకుతున్న మనిషి. ఊర్మిళను మొదటి రోజే "అప్పా" అని పిలిచింది. ఆ వైపు అక్కను అలాగే పిలుస్తారు.

మధ్యాహ్నం భోజనాల వేళ దమయంతి, పప్పులో వెంట్రుకలు పడకుండా తలకు కట్టిన గుడ్డ విప్పింది. జడ జారి మోకాళ్ళ దాకా దిగింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఇంత జుట్టు ఎక్కడ దాచావే పిల్లా!" అంది గున్నమ్మ. షెడ్డు షెడ్డంతా చుట్టూ మూగింది. ఒకామె జడ పట్టుకుని బరువు చూసింది. ఇంకొకామె మూర పెట్టి కొలిచింది. ఊర్మిళ కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది.

ఆ షెడ్డులో భోజనానికి ఒక పద్ధతుండేది. ఆడవాళ్ళంతా గుండ్రంగా కూచుని క్యారేజీలు విప్పేవారు. ఎవరి కూర వాళ్ళే తినడమన్నది లేదు. తలా ఒక గరిటె పక్కవాళ్ళకు వేశాకే ముద్ద కలిపేవారు. ఊర్మిళ క్యారేజీలో ఏముండేదనుకున్నారు? తెల్లన్నం, ఊరగాయ. భర్త లారీ మీద వెళ్తే పది రోజులకు గానీ ఇంటికి రాడు. ఒక్కదానికి వంటేమిటని ఆమె వాదన. అయినా మధ్యాహ్నమయ్యేసరికి గున్నమ్మ తోటకూర పప్పు, ఒకరి కోడిగుడ్డు పులుసు, ఇంకొకరి చేపల కూర, మరొకరి ఉలవచారు ఆమె గిన్నెలో వచ్చి పడేవి. తనేమో అందరికీ ఊరగాయ బద్దలు పంచేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

దమయంతి వచ్చాక ఆ గుంపులో మాటలన్నీ జడ చుట్టూ తిరగసాగాయి. "ఏం తింటావే, ఏం రాస్తావే?" అని అడిగేవారు. "ఏముంది, దొడ్లో మునగాకుంది, వేపుడు చేస్తా. నెత్తికి కొబ్బరినూనే" అనేది దమయంతి. ఆ వేపుడు గిన్నె క్షణంలో ఖాళీ అయ్యేది. ఒకనాడు దమయంతి గరిటె నిండా తీసి ఊర్మిళ గిన్నె వైపు చాచింది.

ఊర్మిళ గిన్నె వెనక్కి లాక్కుంది. "నాకు పడదు" అని లేచిపోయింది.

మర్నాటి నుంచి గుంపులోకే రాలేదు. షెడ్డు బయట రేకుల కింద ఒంటరిగా కూచుని టీ, బన్ను తినేది. ఎప్పుడైనా ఊరగాయన్నం. లోపలి నుంచి నవ్వులు వినపడితే అదీ దిగేది కాదు. ఇంటికెళ్ళాక మళ్ళీ టీ. పొయ్యి వెలిగించే ఓపిక ఉండేది కాదు. గున్నమ్మ రెండుసార్లు వచ్చి పిలిచింది. "నాకు ఆకలి లేదు పిన్నీ" అనేది ఊర్మిళ. అబద్ధం కూడా కాదు. కడుపు నిండా కుళ్ళు ఉన్నప్పుడు కూటికి చోటెక్కడిది?

మూడు నాలుగు నెలలు గడిచాయి. ఊర్మిళ దువ్వెనకు జుట్టు చిక్కసాగింది. మొదట పది వెంట్రుకలు, తరవాత గుప్పెడు. అక్కడి ఆడవాళ్ళు రాలిన జుట్టు పారేయరు, ఉండ చుట్టి దాస్తారు. నెలకోసారి మోపెడ్ మీద ఒకతను షెడ్డు గేటు దగ్గరకొచ్చి ఆ ఉండలు తీసుకుని స్టీలు సామాన్లిస్తాడు. ఆ నెల దమయంతి ఉండకు ఒక చెంచా వచ్చింది. ఊర్మిళ ఉండలకు మూతున్న పెద్ద గిన్నె వచ్చింది.

"చూశారా, ఎవరి జుట్టు ఎక్కువో!" అని ఆ గిన్నె చంకన పెట్టుకుని ఊర్మిళ షెడ్డంతా తిరిగింది. ఎన్నాళ్ళకో ఆమె మొహంలో వెలుగొచ్చింది.

"ఒలే వెర్రిదానా, అది నెత్తి మీద ఉండాల్సిన జుట్టు కదే!" అంది గున్నమ్మ.

గున్నమ్మ మాట ఊర్మిళకు ఎక్కలేదు. అయితే పాపిట వెడల్పవుతుంటే అద్దం అబద్ధమాడలేదు. మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్ళు బైర్లు. ఊర్మిళకు ఒకటే అనుమానం: "దాని కళ్ళు మంచివి కావు. నా జుట్టు దిష్టికొట్టి పట్టుకుపోతోంది." ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడుచుకుంది. మందార నూనె పూసింది, ఉల్లిరసం పట్టించింది. ఊళ్ళో ఎవరేం చెబితే అది నెత్తికి రాసింది. నోట్లోకి ఏం పోతోందో మాత్రం ఒక్కసారి చూసుకోలేదు.

ఒక శనివారం మేస్త్రి లోకనాథం చివరి బల్ల దగ్గరకు చరచరా వచ్చాడు. రెండు వేళ్ళ మధ్య ఒక నల్ల వెంట్రుక ఉంది.

"కొన్నవాళ్ళు డబ్బా తిప్పి పంపారు. పప్పులో ఇది వచ్చిందట. వారంలో ఇది మూడోసారి" అన్నాడు. "గున్నమ్మది తెల్ల తల. ఇక మీ ఇద్దరిలో ఎవరిది?"

ఊర్మిళ తన తలగుడ్డ అంచు తడుముకుంది. ఆ పొద్దున్నే గుడ్డ కట్టుకుంటుంటే మెడ మీదికి రాలిన వెంట్రుకలు ఆమె చేత్తో దులుపుకుంది. తనదేనని తెలుసు. ఒప్పుకుంటే ఈ బల్ల పోతుంది. పోతే పోయింది, దమయంతి మాత్రం దర్జాగా ఇక్కడే కూచుంటుంది! ఆ తలపే ఆమెతో మాట్లాడించింది.

"మోకాళ్ళ దాకా జడ ఎవరికుందో మీకు కనిపించడం లేదా మేస్త్రి గారూ?" అంది.

దమయంతి తల తిప్పి ఆమె వైపు చూసింది. "నేను గుడ్డ గట్టిగానే కట్టుకుంటున్నానండి" అని మేస్త్రితో నెమ్మదిగా అంది.

"అంత జుట్టు గుడ్డలో ఆగుతుందా? తెగి ముక్కలై రాలదూ?" అంది ఊర్మిళ.

లోకనాథం విసుగ్గా చెయ్యి విసిరాడు. "ఆ జుట్టుతో ఈ బల్ల దగ్గర కుదరదమ్మా. సోమవారం నుంచి పనిలోకి రాకు" అన్నాడు.

దమయంతి క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆదివారమంతా ఊర్మిళ కూనిరాగం తీస్తూ ఇల్లు అలికింది. పీడ విరగడైందనుకుంది.

సోమవారం పొద్దున గంట మోగే వేళకు దమయంతి గేటులో నుంచి నడిచి వచ్చింది. తల నున్నగా గొరిగి ఉంది. దాని మీద పచ్చగా గంధం పూసి ఉంది. సింహాచలం వెళ్ళి మోకాళ్ళ దాకా దిగే ఆ జడను అప్పన్న స్వామికి ఇచ్చేసి వచ్చింది. తిన్నగా లోకనాథం ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడు కుదురుతుందాండీ?" అని అడిగింది.

లోకనాథం తలూపి పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్ళు పని ఆపి ముక్కున వేలేసుకున్నారు. ఒకరిద్దరు కళ్ళు ఒత్తుకున్నారు.

"ఎంత పని చేశావే తల్లీ!" అంది గున్నమ్మ.

"జుట్టు పోతే మళ్ళీ వస్తుంది పిన్నీ. పని పోతే పిల్లలకు అన్నం ఎవరు పెడతారు?" అంది దమయంతి.

తను కోరుకున్నట్టే ఆ జడ పోయింది కదా, ఊర్మిళకు సంతోషం కలగాలి. కలగలేదు. మధ్యాహ్నం అందరూ దమయంతి చుట్టూ మూగి, "గుండుతో కూడా ఎంత కళగా ఉందే నీ మొహం!" అంటుంటే బయట రేకుల కింద ఊర్మిళ సగం కొరికిన బన్ను పక్కన పెట్టేసింది. జడ ఉన్నప్పుడు జడ మీద ఏడ్చింది. ఇప్పుడు గుండు మీద కూడా ఏడుపే. ఇదేం బుద్ధి అని మొదటిసారి తన మీద తనకే రోత పుట్టింది.

బుధవారం లోకనాథం మళ్ళీ వచ్చాడు. ఆ పొద్దున ఏరిన పప్పులోనే దొరికిన మూరెడు నల్ల వెంట్రుక వేళ్ళ మధ్య వేలాడుతోంది. ఈసారి ఎవర్నీ ఏమీ అడగలేదు. గున్నమ్మ తెల్ల తల చూశాడు. దమయంతి గుండు చూశాడు. ఆ తరవాత ఊర్మిళ వైపు తిరిగాడు.

ఊర్మిళ తేలు కుట్టిన దొంగలా తల వంచుకుంది. తరవాత తలగుడ్డ విప్పింది. గుడ్డతో పాటు గుప్పెడు జుట్టు బల్ల మీద పడింది. లోపల పలచబడిన తల, వేలెడు వెడల్పు పాపిట అందరికీ కనబడ్డాయి.

"నాదే. మొన్నటిదీ నాదే" అంది. "తెలిసే దాని మీద చెప్పాను."

లోకనాథం ఆమెను చివరి బల్ల నుంచి తీసేసి, జీడిగింజలు కాల్చి కొట్టే చోటికి పంపాడు. పొగ, వేడి, వేళ్ళు పొక్కించే జీడి రసం. ఊర్మిళ లేచి రెండడుగులు వేసి కళ్ళు తిరిగి కూలబడింది.

గున్నమ్మే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది, రక్త పరీక్ష చేయించింది.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగింది.

"టీ, బన్ను. లేకపోతే ఊరగాయన్నం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరు నెలలవుతుంది. డాక్టరమ్మా, ఇది దిష్టి కదా?"

"దిష్టి కాదమ్మా, పస్తు" అంది డాక్టరమ్మ. "జుట్టు రాలడానికి సవాలక్ష కారణాలుంటాయి. పరీక్ష చేయందే ఇదీ అని చెప్పకూడదు. నీ రక్తంలో మాత్రం ఇనుము అడుగంటింది. తిండిలో ఆకుకూర లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు. ఒంటికే చాలనప్పుడు జుట్టుకు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మాత్రలు వేసుకో. అన్నంతో పాటు టీ తాగకు, తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఓపిక పట్టాలి, నెలలు పడుతుంది. నూనెలు మార్చడం మాని ముందు కడుపుకు తిండి పెట్టు."

బయటికొచ్చాక గున్నమ్మ ఉగ్గబట్టుకున్న కోపమంతా కక్కేసింది. "ఇన్నేళ్ళూ నీ జడ నీదేననుకున్నావేటే? నువ్వు వండిందేముంది, తిన్నదేముంది? అది మా అందరి కూరల జడే! దమయంతి మీద కుళ్ళుతో ఆ గరిటెలన్నీ వద్దనుకున్నావు. జుట్టు పోయింది, బల్ల పోయింది, మాట పోయింది. ఇక ఏముందని కుళ్ళుతావు?"

ఊర్మిళ రోడ్డు మీదే వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె జీడి రసంతో పొక్కిన వేళ్ళతో క్యారేజీ పట్టుకుని గుంపు దగ్గరకొచ్చి నిలబడింది. కూచోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. దమయంతి ముందు మోకాళ్ళ మీద కూచుని, "తప్పు చేశాను" అంది. "అది నా వెంట్రుకని నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసు అప్పా. పక్కనే కూచునేదాన్ని, నీ జుట్టు రాలడం చూడనా?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏమవుతుంది? నాదంటే నీదని ఇద్దరం కొట్టుకుంటే మేస్త్రి ఇద్దర్నీ పంపేసేవాడు. నాకు పని కావాలి" అంది దమయంతి. ఆమె గొంతు గట్టిపడింది. "నేనేం దేవతను కాను. సింహాచలం బస్సులో దారంతా ఏడ్చాను. నా పిల్లలు నన్ను చూసి జడుసుకున్నారు. నీ మీద కోపం నాకింకా పోలేదు. పోవడానికి టైం పడుతుంది."

అంటూనే గిన్నెలోంచి నిండు గరిటె మునగాకు వేపుడు తీసి ఊర్మిళ అన్నం మీద వేసింది.

"అన్నం మాత్రం తిను" అంది.

ఊర్మిళ కన్నీళ్ళు కలిపిన ముద్దను మింగింది. ఆ మింగడం జీడి రసం కన్నా ఎక్కువ మండించిందని తరవాత ఆమే చెప్పేది. ఏడాది తిరిగేసరికి దమయంతి తల మీద ఒత్తుగా భుజం వైపు దిగుతున్న జుట్టు. ఊర్మిళకు రాలడం ఆగి పాపిటలో సన్నగా కొత్త జుట్టు మొలిచింది గానీ, చివరి బల్ల మాత్రం మళ్ళీ దక్కలేదు. ఆ పీట మీద వేరే ఆమె వచ్చి కూచుంది. ఆమెను చూసి ఊర్మిళ ఈసారి ఓర్చుకుంది.

పిల్లలూ, పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: ఎదుటివాళ్ళ మేలు చూసి ఓర్వలేనివాళ్ళు ముందు తమ నోటి దగ్గరి కూడునే పోగొట్టుకుంటారు.