ఘాటు రాని మిరపకాయలు

ఇవాళ పొట్టి కథే చెప్తాను. నీ చిటికెన వేలంత ఉంటుంది. కళ్ళు మూసుకో, అయిపోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. ఆ ఊరు సముద్రానికి దగ్గర, బుద్ధికి కొంచెం దూరం. ఊరి మొదట్లో జోగులు కిళ్ళీకొట్టు. జోగులంటే, పక్కవాడికి జ్వరం తగ్గిందని తెలిస్తే తనకి ఒళ్ళు వెచ్చబడే మనిషి. దాని పక్కనే పిండిమర గౌరమ్మ. ఎదురింటావిడ కొత్త చీర కట్టిందని ఆవిడ వారం రోజులు వీధి తలుపు తియ్యలేదు. ఆ చీర ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు వాళ్ళ ఆడపడుచు పెళ్ళి సంగతి చెప్పాలి. ఆ పెళ్ళిలో సాంబారు... సరే సరే, పొట్టి కథన్నాను కదూ. నూకరత్నం దగ్గరికి వద్దాం.

నూకరత్నం చెడుగుడు ఆడేది. ఇప్పుడు కబడ్డీ అంటున్నారులే. ఊపిరి బిగబట్టి, కూత కూస్తూ, నడిగీత దాటి అవతలి బరిలోకి వెళ్ళాలి. అక్కడివాళ్ళని తాకి, వాళ్ళకి దొరక్కుండా వెనక్కి రావాలి. మధ్యలో కూత తెగిందా, ఇక బయట కూర్చోవడమే. నూకరత్నం కూత అందుకుంటే తాటిచెట్టు మీద కాకులు కూడా తల తిప్పి చూసేవి.

ఆ పిల్లకి ఒకటే కోరిక. వీపు మీద రాష్ట్రం పేరున్న చొక్కా వేసుకోవాలి. ఆ తర్వాత దేశం పేరున్నది వేసుకోవాలి. ఆ పైన ఇంకేం వేసుకోవాలో ఇంకా అనుకోలేదు.

ముందు మండలంలో కప్పు గెలిచింది. అప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత జిల్లాలో గెలిచింది. అప్పుడు సగం మంది కొట్టారు. ఆ తర్వాత పేపర్లో ఫొటో పడింది. ఆ రోజు ఊళ్ళో ఎవరి చేతులూ ఖాళీగా లేవు.

"ఫొటోలో ముక్కు పెద్దగా పడింది" అన్నాడు జోగులు. గౌరమ్మ అయితే ఆ పేపరు ముక్కలోనే పిండి పొట్లం కట్టి అసిరమ్మకి ఇచ్చింది.

అసిరమ్మంటే నూకరత్నం తల్లి. ఆ రోజు నుంచి ఆవిడ కూతురికి దిష్టి తియ్యడం మొదలుపెట్టింది. ఉప్పు, ఎండు మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని, పిల్ల చుట్టూ తిప్పి, పొయ్యిలో వేసేది. అందరూ "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని ఊరుకుంటారు కదా. అసిరమ్మ ఊరుకోలేదు. "కిళ్ళీకొట్టు జోగులు దిష్టి, పిండిమర గౌరమ్మ దిష్టి" అంటూ పేరుపేరునా తీసేది, వీధికంతా వినపడేలాగ.

అప్పుడు ఊళ్ళో కొత్త గొడవ మొదలైంది. పేర్లు వచ్చినవాళ్ళకి కోపం వచ్చింది. పేర్లు రానివాళ్ళకి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. "ఏం, మాకు మాత్రం కళ్ళు లేవా?" అని కరెంటు లైన్‌మాన్ పెళ్ళాం స్వయంగా వచ్చి అడిగి వెళ్ళింది. మర్నాటి నుంచి ఆవిడ పేరు కూడా చేర్చారు.

మిరపకాయలు కాలినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలినట్టు లెక్క. అసిరమ్మ పొయ్యి దగ్గర దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ, "చూశారా, ఘాటే లేదు! ఎంత దిష్టో!" అనేది.

ఆ మధ్యలోనే ఒక పోటీలో నూకరత్నం గీత దాటింది. దాటగానే కూత తెగింది. ఊపిరి ఉంది, గొంతు ఉంది, కూత లేదు. గుండె మీద రుబ్బురోలు పెట్టినట్టయిందట. తర్వాతి పోటీలోనూ అంతే. ఆ తర్వాత అన్నం సయించలేదు. నిద్ర పట్టలేదు. బరి కనపడితే చాలు, దారి మార్చి వెళ్ళేది.

అప్పుడు అసిరమ్మ మిరపకాయలు రెట్టింపు చేసింది. ఊపిరాడని పిల్లకి పొగ పెట్టిందన్నమాట. తగ్గలేదు. ఆ తర్వాత గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టింది. తగ్గలేదు. ఆ తర్వాత ఎవరి కళ్ళూ పడకుండా పిల్లని గదిలో పెట్టి తలుపేసింది. అప్పుడు మాత్రం ఎక్కువైంది.

బడిలో ఆటలు నేర్పే సువార్త టీచరమ్మ వచ్చి తలుపు తీయించింది.

"కాలు బెణికితే ఏం చేస్తావు అసిరమ్మా?" అని అడిగింది.

"కట్టు కట్టిస్తాను."

"మరి మనసు బెణికితే గుమ్మడికాయ కొడతావా?"

అసిరమ్మ కాఫీ కలిపి ఇచ్చింది.

సువార్తమ్మ పిల్లని పట్నంలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ సూది వెయ్యలేదు, నాలిక చాపమనలేదు. "ఏమవుతోందమ్మా?" అని అడిగి, చెప్పేదాకా ఆగింది. నూకరత్నానికి చెప్పడానికి చాలాసేపు పట్టింది. "నీ ఊపిరికి ఏమీ కాలేదు. దాని మీద భయం ఎక్కి కూర్చుంది. దింపుదాం. ఒక్కరోజులో దిగదు" అందా డాక్టరమ్మ. అప్పటి నుంచి నూకరత్నం పట్నం వెళ్ళివస్తూ ఉండేది. నిద్ర కొంచెం పట్టింది. అన్నం కొంచెం దిగింది. కూత మాత్రం గీత దాటగానే తెగుతూనే ఉంది.

ఊళ్ళోవాళ్ళు "పిచ్చి డాక్టరట" అని గుసగుసలాడారు. మనసులో ఏదీ దాచుకోలేనివాళ్ళకి మనసు డాక్టరు అవసరం రాదులే.

ఇంతలో రాష్ట్ర జట్టుకి ఎంపికలు దగ్గర పడ్డాయి. ఇక్కడ వరహాలు సంగతి చెప్పాలి. వరహాలు నూకరత్నం పెదనాన్న కూతురు. ఇద్దరిదీ ఒక్క ఈడే. తనూ చెడుగుడే ఆడేది. ఆమె తల్లి రొయ్యల కంపెనీలో పనిచేసి పొద్దుగూకాక వచ్చేది. ఆవిడ తెచ్చే మిరపకాయలు కూరలోకే చాలేవి కావు, ఇంక దిష్టికెక్కడివి?

వరహాలు కుళ్ళు ఊరందరి కుళ్ళులాంటిది కాదు. తను శ్రద్ధగా కుళ్ళుకునేది. నూకరత్నం ఏ కాలు ముందు వేస్తుందో, ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎటు ఒరుగుతుందో, అన్నీ చూసేది. కన్నతల్లికి కూడా అంత తెలీదు.

ఎంపికలకి ముందురోజు సాయంత్రం వరహాలు వచ్చింది. నూకరత్నం అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏటే, చూసి సంతోషపడ్డానికొచ్చావా?"

"నిన్ను రోజూ చూస్తూనే ఉన్నాను కదే. గీత దాటగానే వెనక్కి చూస్తున్నావు. నీ కూత అక్కడే తెగుతోంది."

నూకరత్నం అరుగు మీద జరిగి చోటిచ్చింది. ఆ తర్వాత అంది, "ఎన్ని కళ్ళే వెనకాల! నిన్నెవరూ చూడరు. నీ కూత తెగినా సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. ఎంత హాయిగా ఆడతావే. నిన్ను చూస్తే నాకు కడుపు మండిపోతుంది."

వరహాలు తెరిచిన నోరు మూయలేదు. "నిజంగానా? నా మీద నీకు కుళ్ళా?"

"ఒట్టు."

వరహాలు గబగబా లోపలికి వెళ్ళింది. "పిన్నీ, నాకూ దిష్టి తియ్యి."

"నీకెవరి దిష్టి తగుల్తాదే?" అంది అసిరమ్మ.

"నాది, అమ్మా," అంది నూకరత్నం గుమ్మంలోంచి. "పేరు పెట్టే తియ్యి."

అసిరమ్మకి నోరు రాలేదు. ఊరందరి పేర్లూ చదివిన నోరే. కూతురి వంక చూసింది, వరహాలు వంక చూసింది. వరహాలు కళ్ళు గట్టిగా మూసుకుని, పండగ పూట కొత్త బట్టలకి నిలబడ్డట్టు నిలబడింది. అప్పుడు అసిరమ్మ గుప్పిడి తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా కూతురు నూకరత్నం దిష్టి" అని పొయ్యిలో వేసింది.

ఘాటు రాలేదు. నిజంగానే రాలేదు. పొయ్యి ఎప్పుడో ఆరిపోయిందని తర్వాత తెలిసింది.

"మా పేర్లేవీ?" అన్నాడు జోగులు గోడ అవతల నించి. అప్పుడు నూకరత్నం నవ్వింది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది.

మర్నాడు ఎంపికలు. వరహాలు ఒక జట్టులో, నూకరత్నం ఎదుటి జట్టులో. అసిరమ్మ కూడా వెళ్ళింది. వెళ్ళి, బరికి వీపు పెట్టి కూర్చుంది, కూతురికి తన కళ్ళు కూడా తగలకూడదని.

మొదటిసారి నూకరత్నం కూత సగంలో తెగింది. రెండోసారి తెగలేదు గానీ, ఎవర్నీ తాకకుండా వచ్చేసింది. మూడోసారి గీత దాటింది. వెనక్కి చూడలేదు. ఒకర్ని తాకింది, ఇంకొకర్ని తాకింది, తిరిగింది. అప్పుడు వరహాలు దూకి ఆమె ఎడమకాలు పట్టుకుంది. ఏ కాలు వెనక పడుతుందో వరహాలుకి కాక ఇంకెవరికి తెలుసు?

నూకరత్నం పడిపోయింది. కూత ఆపలేదు. మట్టిలో పాకింది, కూస్తూనే ఉంది. చెయ్యి గీతకి జానెడు దూరంలో ఉండగా టైమైపోయిందని విజిల్ ఊదేశారు. ఊదాక కూడా కూస్తూనే ఉంది. సువార్తమ్మ వెళ్ళి "చాలమ్మా, ఇంక ఆపు" అని చెప్పాల్సొచ్చింది.

జట్టులోకి వరహాలుని తీసుకున్నారు. నూకరత్నాన్ని తీసుకోలేదు.

తిరుగు బస్సులో నూకరత్నం వరహాలు భుజం మీద తల పెట్టి, ఊరు వచ్చేదాకా గురక పెట్టి నిద్రపోయింది. ఊళ్ళోవాళ్ళు బూడిద గుమ్మడికాయతో ఎదురొచ్చారు గానీ, ఎవరి చుట్టూ తిప్పాలో తేలలేదు. అందుకని వడియాలు పెట్టారు. బాగా వచ్చాయి.

ఏమిటి? ఆ తర్వాత నూకరత్నం గెలిచిందా అనా? మరుసటి ఏడు వెళ్ళింది, గెలవలేదు. ఆ పై ఏడు మళ్ళీ వెళ్ళింది. అప్పుడు చొక్కా వచ్చింది. కొంచెం వదులైంది.

కుళ్ళు పొయ్యిలోకి, పొగ గాలిలోకి,
కూత బరిలోకి, కథ కంచిలోకి,
నువ్వేమో దుప్పట్లోకి.