సముద్రాన్ని చుట్టమన్న దండోరా

అనగనగా సముద్రపు ఒడ్డున వేలాపురమని ఒక రాజ్యం. అక్కడ ఒక ఆచారం ఉండేది. గడపలోకి చుట్టం వస్తే కాళ్లకు నీళ్లిచ్చి హారతి పట్టాలి. ఎప్పుడు వెళతావని మాత్రం అడగకూడదు. అడిగితే మహాపాపం.

రాజు విభవసేనుడు కొత్త మేడ కట్టిస్తూ, సున్నపు బట్టీల కోసం తీరంలోని మడ అడవినంతా నరికించాడు. అలలకు అడ్డు నిలిచే చెట్లు పోయాయి. బట్టీల పొగకు ఎండలు ముదిరాయి, సముద్రం పొంగింది.

మొదట ఉప్పుమళ్లు మునిగాయి. జనం గగ్గోలు పెట్టారు.

రాజు దండోరా వేసే కలకంఠుణ్ణి పిలిపించాడు. అతని గొంతులో తేనె ఊరుతుంది.

"వీళ్లు బెదిరితే బట్టీలు ఆపమంటారు. ఏదో ఒకటి తియ్యగా చెప్పు" అన్నాడు రాజు.

కలకంఠుడు డప్పు కొట్టి, "వినండహో! సముద్రుడు మన ఊరికి చుట్టమై వచ్చాడహో!" అని చాటాడు.

అంతే! ఏడుస్తున్న ఆ జనమే హారతి పళ్లాలు పట్టుకుని ఎదురెళ్లారు. ఒక్క మాటకు! తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోట మాట రాదు.

గూడు పోయిన కొంగ ఒకటి అరుగు మీద వాలి, "అది చుట్టం కాదు, ముంపు! బట్టీలు ఆపి, కట్ట వేసుకోండి!" అని అరిచింది.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని పొమ్మంటావా, పాపిష్టిదానా!" అని దాన్ని తరిమేశారు. అది ఎగిరిపోయి ఊరి చివరి ఎత్తైన దిబ్బ మీద వాలింది.

రెండోసారి సముద్రం పొంగితే బావుల్లో నీళ్లు ఉప్పగా మారాయి. "చుట్టం కానుక తెచ్చాడహో! ఇక ఎవరూ ఉప్పు కొననక్కర్లేదహో!" అన్నాడు కలకంఠుడు. పసిపిల్లలు దాహంతో ఏడుస్తుంటే తల్లులు ఆ నీళ్లకే దండం పెట్టారు. ఎంత ఘోరం!

మూడోసారి, పట్టపగలు, సముద్రం వీధుల్లోకే వచ్చేసింది. కలకంఠుడు ఇంటికి పరుగెత్తాడు. గుమ్మంలో అతని తల్లి సూరాంబ నడుములోతు నీళ్లలో నిలబడి హారతి పడుతోంది.

"అమ్మా, రా! మునిగిపోతావు!"

"చుట్టాన్ని వదిలి ఎక్కడికి పోనురా? నువ్వు చాటిందే కదా నాయనా!" అంది ముసలమ్మ నవ్వుతూ.

కలకంఠుడు, "నేను చాటింది అబద్ధమమ్మా! ఇది ముంపు!" అని గుండెలు బాదుకున్నాడు. వీధిలో వాళ్లందరూ విన్నారు. ఒక్కరూ కదల్లేదు. ఈసారి ఆ గొంతులో తేనె లేదు మరి!

డప్పును నీళ్లలోకి విసిరేసి, తల్లిని భుజాన వేసుకుని, కొంగ వాలిన దిబ్బ వైపు పరుగు తీశాడు. ఆ పరుగు చూశాక గానీ జనానికి భయం పుట్టలేదు. పళ్లాలు పారేసి, పిల్లలను ఎత్తుకుని వెంటపడ్డారు.

దిబ్బ మీద, తడిసి ముద్దయిన రాజు మునిగిన మేడను చూస్తూ, "కలకంఠా, ఇప్పుడేమని చాటిద్దాం?" అన్నాడు. అవును పిల్లలూ, అప్పుడు కూడా అదే అడిగాడు!

కొడుకు నోరు తెరిచేలోగా సూరాంబ అంది: "ముంపని చాటించండి ప్రభూ. ఆ మాట మొదటే చాటించి ఉంటే ఈపాటికి నేను నా వంటింట్లో ఉండేదాన్ని."

రాజు తల దించుకున్నాడు. బట్టీలు మళ్లీ వెలగలేదు. కొంగ చూపిన చోటల్లా జనం మడ మొక్కలు నాటారు.

ఆపదకు ముద్దుపేరు పెట్టే గొంతును నమ్మకండి. మీ గడపను తడిపే నీళ్లను మీ కళ్లతో చూడండి.