గుండ్లకమ్మలో మునగని మనిషి

ముందే చెబుతున్నాను. ఇది నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళి వేరే పని చూసుకోవచ్చు. సగం విని "మరీ అంత లేదులే తాతా" అనేవాళ్ళకు మాత్రం నేను జవాబు చెప్పను.

నన్ను గుండు ఏసోబు అంటారు. జుట్టు లేక కాదు, అది ఈమధ్య సంగతి. తిరునాళ్ళలో నలుగురు దొర్లించుకొచ్చిన రాతిగుండును నేనొక్కణ్ణే భుజాన వేసుకుని, నిలబడే సోడా తాగి, ఖాళీ సీసా కొట్టువాడికి ఇచ్చేసి, అప్పుడు తీరిగ్గా కింద పెట్టేవాణ్ణి. ఒకసారి అద్దంకి రోడ్డులో బస్సును వెనకనుంచి పట్టుకుంటే, డ్రైవరు గేర్లన్నీ మార్చి చూసి, దిగొచ్చి, "అన్నా, టైమైపోతోంది" అని బతిమాలుకున్నాడు. పాపమని వదిలేశాను.

అంతటి నేను ఒక మనిషికి శిష్యుణ్ణి. పాస్టరు జకరయ్యగారు. అయ్యగారు అనేవాళ్ళం. మనిషి ఎంత సన్నమంటే, ఎండలో నిలబడితే నీడ పడాలా వద్దా అని ఆలోచించుకునేది. పైగా ఉబ్బసం. నాలుగు మాటలు చెప్పి, కాస్త ఊపిరి కూడదీసుకుని, ఐదో మాట చెప్పేవారు. అయినా మా ప్రాంతంలో ఆయనకు సాటి ఇంకొకరు ఉన్నారంటే నేనొప్పుకోను.

రోజూ తెల్లారేసరికి చర్చి వరండాలో ధ్యానం. ఆయన ఏ వాక్యం తీసినా చివరికొచ్చేది ఒక్కచోటికే. మనిషి బలహీనుడు, దేవుడి మీద ఆనుకోవాలి. నిన్నా అదే, ఇవాళా అదే. వినీ వినీ నాకు చిరాకేసింది.

ఒకరోజు ఆయన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పక్కూరి ప్రార్థన కూడికకు తీసుకెళ్తున్నాను. ఎత్తురోడ్డు, ఎదురుగాలి. నాకు అదొక లెక్కా? తొక్కుతూనే అడిగాను.

"అయ్యగారూ, బలహీనులు దేవుడి మీద ఆనుకుంటారు. బాగానే ఉంది. ఎవరిమీదా ఆనుకునే పనిలేని వాడి సంగతేంది?"

"ఎవరబ్బాయా అతను?"

"ఎవరో ఎందుకు, నేనే."

ఆయన దగ్గారు. దగ్గు తగ్గాక, "నీ బాప్తిస్మం రానీ, చూద్దాం" అన్నారు.

ఆ బాప్తిస్మం కోసం నాకంటే ఎక్కువగా ఎదురుచూసింది మా అమ్మ. నేను పుట్టినప్పటినుంచీ ప్రార్థన చేస్తోంది. ఆ ఏడు మంచం పట్టి, కాస్త కోలుకుని, నాకు తెల్లబట్టలు కుట్టించింది. "ఈసారి దాటితే నేను చూడనురా" అంది. నిజమే. గుండ్లకమ్మలో నీళ్ళుండేది కొన్నాళ్ళే. ఇంకో నెల పోతే ఏట్లో మోకాలు కూడా తడవదు. మళ్ళీ ఏడాది ఆగాలి. అమ్మ ఆగేలా లేదు.

ఆ ఆదివారం ఏటిగట్టంతా జనం. అమ్మను కుర్చీలో మోసుకొచ్చాను. కుర్చీతో సహా ఒంటిచేత్తోనే, రెండో చేతిలో గొడుగు. వరుసలో నా వెనక దీవెనమ్మ అని ఒక పిల్ల నిలబడింది. పెద్ద నోరు.

అయ్యగారు నడుము లోతు నీళ్ళలో ఉన్నారు. నాకు ముందు ఒక ముసలామె దిగింది. ఆయన ఒక చెయ్యి ఆమె వీపు కింద పెట్టి, రెండోది ముడుచుకున్న ఆమె చేతుల మీద పెట్టి వెనక్కి వాల్చారు. ఆమె ఆకులాగా వాలి, మునిగి లేచింది.

నేను దిగాను. వీపు కింద ఆయన చెయ్యి తగిలింది. చెయ్యా అది, చీపురుపుల్ల. నేను వాలితే ఈయన విరుగుతాడు, ఇద్దరం పోతాం అనుకున్నాను. కాలివేళ్ళను అడుగునున్న రాయికి పెనవేసి, తొడలు బిగించి, నా అంతట నేనే వెనక్కి వంగి, మునిగి, లేచాను. ఆయన చేతిమీద చీమంత బరువు కూడా పడనివ్వలేదు. ఆ పని ఇంకెవరన్నా చేయగలరేమో చూపించండి.

గట్టుమీద పాట ఎత్తుకోబోయారు. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు.

"స్నానం అయింది. ఒళ్ళు తుడుచుకో" అన్నారు. "బాప్తిస్మం కాలేదు."

"మునిగాను గదయ్యగారూ."

"నువ్వు మునిగావు. నేను ముంచలేదు."

"ఏం ఏసోబన్నా, సబ్బు కావాలా?" అంది వెనకనుంచి దీవెనమ్మ. గట్టంతా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. గొడుగు పక్కకు తీసి నావంకే చూస్తోంది.

మళ్ళీ నిలబడ్డాను. ఈసారి వాలదామనే అనుకున్నాను, దేవుడి తోడు. కానీ వీపు మాట వినదే. ఆయన వాల్చబోతే మర్రిమానులా బిగుసుకుపోయింది. ఆయన తోశారు. ఆయాసం వచ్చింది తప్ప నేను కదల్లేదు. రాతిగుండ్లు ఎత్తిన ఒళ్ళు, వెనక్కి పడటం దానికి ఎవరూ నేర్పలేదు.

అయ్యగారు కాసేపు ఊపిరి తీసుకున్నారు. తర్వాత నాకు వీపు తిప్పి నిలబడ్డారు.

"నన్ను పట్టుకో."

"అయ్యగారూ, మీకు ఈత రాదు. ఉబ్బసం."

"తెలుసు."

అంతే. కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోయారు. చెప్పాపెట్టకుండా, మొత్తం మనిషి. నేను రెండు చేతులూ చాచి అందుకున్నాను. నీళ్ళు ఆయన చెవుల దాకా వచ్చాయి. ముక్కులోకి గుక్కెడు పోయినా ఆ రొమ్ము తట్టుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ముఖంలో ఒక్క ముడత లేదు. మెడ నా మోచేతిమీద పసిపిల్లాడి మెడలాగా వాలి ఉంది.

బస్సును ఆపిన చేతులు నావి. కోడిగుడ్డును పట్టుకున్నట్టు ఆయన్ను పట్టుకున్నాయి. ఎన్ని గుండ్లు ఎత్తాను, ఏ ఒక్క గుండూ నన్ను నమ్మి నా మీద వాలలేదు.

ఆయన కళ్ళు తెరిచి, నా భుజం పట్టుకుని లేచి, ముఖం తుడుచుకున్నారు.

"రా."

నేను తిరిగి నిలబడ్డాను. రాయిని పట్టుకున్న వేళ్ళు ఒక్కొక్కటే వదిలాను. చీపురుపుల్ల చెయ్యి వీపు కిందికి వచ్చింది. వాలాను. ఆకాశం తలకిందులైంది, నీళ్ళు మూసుకున్నాయి, లోకంలో ఏ చప్పుడూ లేదు. తర్వాత నన్నెవరో లేపారు.

గట్టుమీద పాట మొదలైంది. అమ్మ గొంతు అందరికంటే పైన వినబడింది. ఆ గొంతు ఒంగోలు దాకా పోయిందని నేనంటాను, మీరు కాదనండి చూద్దాం.

నీళ్ళు కారుతూనే అయ్యగారి ముందు నిలబడ్డాను. నా బరువు నాకు తెలుసు. వెలగచెట్టంత మనిషిని.

"ఎట్టా మోశారు అయ్యగారూ?"

"నేనెక్కడ మోశాను? నీళ్ళు మోశాయి" అన్నారు ఆయన. "నేను ఊరికే చెయ్యి పెట్టాను."

వరుసలో నా తర్వాతి మనిషికోసం చెయ్యి చాచారు.

నమ్మకం కుదరకపోతే ఆ మనిషినే అడగండి. నా వెనకే నిలబడి, చలికి పళ్ళు కటకటలాడిస్తూ మొదటినుంచి చివరిదాకా చూసింది. నన్ను కట్టుకుని ఇన్నేళ్ళయింది కాబట్టి నాకు అనుకూలంగా ఒక్క మాట కూడా కలిపి చెప్పదు. వంటింట్లోనే ఉంది, పిలవండి. దీవెనమ్మ.