చివర నడిచే తల్లి: వెనకమ్మ కోన కథ

వెనకమ్మ కోనకు వచ్చిన భక్తులకు, నడక కోసం వచ్చిన యాత్రికులకు, పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన బడిపంతుళ్ళకు నమస్కారం. మీరు నిలబడి ఉన్న చెక్‌పోస్టు నుండి పాలగుండం జలపాతం వరకు అయిదు మైళ్ళ కాలిబాట. ఇది రక్షిత అడవి కనుక తోడు లేనిదే ఎవరినీ లోపలికి పంపరు. ఆ తోడు సిద్ధరాళ్ళపల్లె ఆడపడుచులు. వీరిని ఈ చుట్టుపక్కల దారక్కలు అంటారు. శనివారం తెల్లవారగానే పక్షులను చూపే నడక, రెండో ఆదివారం సీతాకోకచిలుకల నడక, వానలు తగ్గాక బడిపిల్లలకు చెట్ల పేర్లు నేర్పే నడక, కార్తీకంలో గుండం స్నానాల నడక, అన్నీ వీరి చేతుల మీదుగానే జరుగుతాయి. చెట్టు మీద ఎలుగుబంటి గీసిన గోటి గాటు చూసి అది నిన్నటిదో మొన్నటిదో చెప్పడంలో వీరికి సాటి వచ్చేవారు నాలుగు తాలూకాల్లో లేరు. ఇది గొప్పకు రాసిన మాట కాదు. నడిచి చూడండి, మీరే ఒప్పుకుంటారు.

బాటలో మూడోవంతు దూరం పోయాక ఒక మలుపులో వెనకమ్మ అమ్మవారు కనిపిస్తుంది. మోకాలెత్తు రాతి విగ్రహం. అమ్మ కొండ వైపు చూడదు, జలపాతం వైపూ చూడదు. మీరు నడిచివచ్చిన దారినే చూస్తూ ఉంటుంది. కుడి భుజం మీద చిన్న చిన్న గుంటలు ఉంటాయి. పూజారి పసుపు ఎంత మెత్తినా ఆ గుంటల్ని మాత్రం పూడ్చడు.

పూర్వం ఇక్కడ తేనె తీసుకొని బతికే కుటుంబాలు కొన్ని ఉండేవి. కోనలోని దారులు వారికి తప్ప మరొకరికి తెలియవు. ప్రతి కార్తీకంలో చుట్టుపక్కల ఊళ్ళవారు పాలగుండంలో మునగడానికి వస్తే, వారిని తీసుకుపోయి తిరిగి దించే బాధ్యత ఆ కుటుంబాలదే. ఆ పనిలో వారి ఆడపడుచు ఓబులక్కకు ఉన్న పేరు ఇంకెవరికీ లేదు. ఆమె నడిస్తే ఎండు పుల్ల కూడా చిటుక్కుమనదనేవారు. ఆమె వెంట బయలుదేరితే పొద్దు బారెడెక్కక ముందే గుండంలో మునక. ఇతరుల వెంట వెళ్ళినవారు మధ్యాహ్నానికి చేరేవారు. అందుకే జనం వారం ముందునుంచే వచ్చి, "ఈసారి మమ్మల్ని ఓబులక్క బారులో పెట్టండమ్మా" అని బతిమాలుకునేవారు. ఆ మాట చెవినపడినప్పుడల్లా ఓబులక్క నడక ఇంకో రెండు అంగలు పెరిగేది.

ఆ కాలంలో దారి చూపేవారు ముందర నడిచేవారు. ప్రతి మలుపులోనూ ఆగకుండానే "అందరూ వస్తా ఉండారా?" అని కూత వేసేవారు. వెనకనుంచి "ఉండామో!" అని బదులు వస్తే చాలు, ముందుకు సాగేవారు. తాతల నాటినుంచి అదే పద్ధతి. అది తప్పవచ్చునని ఎవరికీ తోచలేదు.

ఒక కార్తీక సోమవారం ఓబులక్క వెంట నలభై మంది బయలుదేరారు. వారిలో కుమ్మరి పుల్లక్క ఒకతె. పుట్టుకతో మాట రాని మనిషి. తన చేతులతో చేసిన కొత్త కుండ నెత్తిన పెట్టుకొని, గుండం నీళ్ళు ఊరికి తేవాలని వచ్చింది. కుండకు తగలకుండా కొమ్మల్ని తప్పించుకుంటూ నడవాలి గనుక సహజంగానే బారుకు చివర పడింది.

ఓబులక్క ఆ రోజు తన నడకను తానే మించింది. గుండం చేరేసరికి రాళ్ళ మీద మంచు ఇంకా ఆరలేదు. యాత్రికుల్లో ఒక్కొక్కరికి మోదుగాకు దొప్పలో తేనె పెట్టడం ఆ తేనె కుటుంబాల ఆచారం. ఆమె వెంట వచ్చిన పినతల్లి తిమ్మక్క ముందురోజే లెక్కపెట్టి నలభై దొప్పలు కుట్టింది. అందరూ తిన్నారు. బండ మీద ఒక దొప్ప మిగిలింది.

"ఎవురిదిమే ఇది?" అని ఓబులక్క అడిగింది.

ఎద్దుల బేరగాడు చౌడప్ప వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. "కుమ్మరామె కనపళ్ళేదు గదక్కా."

"మలుపు మలుపుకీ కూతేస్తి గదన్నా! ఉండానని పలికిందెవురు?"

"ఆయమ్మకు నోరు లేదు గదా. నా ఎనకాల్నే వస్తా ఉండె. పాపమని ఆయమ్మ పాలికి గూడా నేనే పలికితి."

"తిరిగి చూసి పలికితివా?"

చౌడప్ప తల గోక్కున్నాడు. "నువ్వు పరిగెత్తిస్తా ఉంటే తిరిగి చూసే తీరిక యాడిదక్కా? ముందరోళ్ళ మడమలు చూసుకునేదానికే సరిపాయె."

ఓబులక్క వచ్చిన దారి వైపు చూసింది. గుండం కింది కోనల్లో చుక్క నీరు లేదు. ఈత పొదల్లో ఎలుగులు పిల్లలతో తిరిగే కాలం. నోరు లేని మనిషి కేక వేయలేదు. పొద్దు గూకే లోపల దొరక్కపోతే ఇక దొరకదు.

తిమ్మక్క ఆమె చెయ్యి పట్టి పక్కకు లాగింది. "ఒమే, ఆయమ్మ అలిసిపోయి ఇంటికి మళ్ళిందని చెప్దాం. ఇంతమంది ముందర నీ పేరు పోగొట్టుకోవాకు. పేరు పోతే మళ్ళీ వస్తాదా?"

ఓబులక్క ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణాన్ని దాచిపెట్టడం ఈ స్థలానికి మర్యాద కాదు. పేరు ఆమెకు నిజంగా తీపి. అయినా చెయ్యి విడిపించుకొని, "మీరంతా ఈడ్నే ఉండండి. ఒక్కరూ కదలొద్దు" అని చెప్పి వచ్చిన దారినే దిగింది.

దిగుతున్న కొద్దీ ఆమెకు భయం మొదలైంది. చిన్ననాటినుంచి నడుస్తున్న దారి ఆమెను గుర్తుపట్టలేదు. ముందర నడిచేటప్పుడు తన కళ్ళ ఎదుట గుండం కొండ నిలబడి ఉండేది, దాని వైపు పోతే చాలు. ఇప్పుడు కొండ వీపు వెనక ఉంది, ఎదుట అన్నీ ఒకేలా కనిపించే ఏపి చెట్లు. దారి చీలికలన్నీ ఒకే తీరున ఉన్నాయి. ఈ అడవి తనదని ఊరంతా చెప్పుకున్న ఓబులక్కకు ఆ అడవి ఒక పక్కే తెలుసు. రెండుసార్లు తప్పుదారి పట్టి వెనక్కి వచ్చింది. నిట్టమధ్యాహ్నానికి నోరెండి, ఒక బండ నీడలో కూలబడింది. కళ్ళు మూతపడ్డాయి.

స్వప్నంలో ఒక ముసలామె పుల్లలమోపుతో ఆమె వెనక వస్తోంది. ఎంత దూరం పోయినా అంతే దూరంలో ఉంది.

"ఎవురవ్వా నువ్వు? బిరబిరా రా!" అని ఓబులక్క కసిరింది.

ముసలామె మోపు దించకుండానే నవ్వింది. "నేను నీ కాడికి వచ్చేదాన్ని గాదులే మే. నువ్వు వదిలేసి పోయినోళ్ళ కాడ ఉండేదాన్ని. ఎన్నేండ్లని ఆ వంకలో పడుకుందును? లేపి మలుపులో నిలబెట్టు. నా మొగం మీ తట్టు గాదు, ఇంకా వచ్చేవాళ్ళ తట్టు తిప్పు."

ఓబులక్క ఉలిక్కిపడి లేచింది. ఎండ అలాగే ఉంది. గాలి కదలడం లేదు. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా టక్, టక్ మని శబ్దం. పిట్ట కాదు, తొండ కాదు. అడవిలో ఏ జీవీ చేయని చప్పుడు. దాని వెంట పడి ముళ్ళు తోసుకుంటూ ఎండిన వాగులాంటి ఒక లోతైన వంకలోకి దిగింది.

అక్కడ పుల్లక్క ఉంది. పాదంలో దిగిన ముల్లు తీసుకోవడానికి ఆగేసరికి బారు సాగిపోయింది. తరువాత చీలిక దగ్గర ఎలుగుల దారి పట్టి వంకలో జారిపడింది. చీలమండ వాచిపోయింది. నోరు లేదు గనుక కుండను రాతికి తట్టి పిలిచింది. కుండ పగిలింది. పెంకు పట్టుకొని తట్టింది. ఆ పెంకూ అరిగి బొటనవేలంత మిగిలినా తట్టడం మానలేదు. వేళ్ళ కొసలు నెత్తురు కారుతున్నాయి. ఆమె తడుతున్న ఆ రాయి మీద పడిన మట్టిని ఓబులక్క తుడిచి చూస్తే పెంకు దెబ్బలకు గుంటలు పడిన కుడి భుజం, మెడ, ముక్కుపుడక ఉన్న మొగం బయటపడ్డాయి. అడుగున తడి ఊరుతోంది. ఆ తడే పొద్దటినుంచి పుల్లక్క నాలుకను తడిపి బతికించింది.

ఓబులక్క ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చింది. పుల్లక్క నెత్తుటి చేత్తోనే ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ తరువాత గడ్డం పట్టుకొని నిమిరింది. తిట్టూ, ఊరడింపూ రెండూ అందులోనే ఉన్నాయంటారు.

తిరిగి పైకి నడిచేటప్పుడు ఓబులక్క ముందుకు పోలేదు. దారి చూపేవారు పట్టే తన కర్రనే ఊతగా చేతికిచ్చి పుల్లక్కను ముందు నడవనిచ్చింది. కుంటే కాలు ఎన్ని అడుగులు వేస్తే అన్నే అడుగులు తానూ వేసింది. ఎన్నడూ వినని గువ్వల కూతలు వినబడ్డాయి. పది అడుగుల దూరంలో దుప్పి నిలబడి చూసి, పారిపోకుండా గడ్డి మేసింది. ఇన్నేళ్ళ నడకలో ఆమెకు ఎదురుపడని అడవి అది.

గుండం దగ్గర జనం చిరాకుగా ఉన్నారు. "పొద్దు వాలుతోంది, యాడికి పోయినావు?" అని ఎవరో కేకేశారు. ఓబులక్క అందరికీ కనపడేలా బండ ఎక్కింది.

"దారి తప్పింది పుల్లక్క గాదు, నేను. బిరీన పోతానని నాకు గర్వం. నా పేరు కోసరం ఈయమ్మను అడవికి వదిలేసి వచ్చినా. నా కర్ర ఎవురికన్నా ఇచ్చేయండి."

చౌడప్ప ముందుకు వచ్చి, "తప్పు నీ ఒక్కదానిదే అంటే నాకు సిగ్గుగా ఉండాదక్కా. చూడకుండా పలికినోడ్ని నేను" అన్నాడు. పుల్లక్క కుంటుతూ వచ్చి ఆ కర్రను ఓబులక్క చేతిలో పెట్టింది. ఆ తరువాత ఆమె భుజాలు పట్టి తిప్పి, బారుకు అన్నిటికంటే చివర నిలబెట్టింది. తాను పోయి ముందు నిలిచింది. కార్తీక పౌర్ణమి నాడు నలభై మందీ కలిసి అమ్మను వంకలోనుంచి ఎత్తి, ఎలుగుల దారికి అడ్డంగా మలుపులో నిలబెట్టారు.

నాటినుంచి నేటివరకు ఈ కోనలో బారుకు ముందు నడిచేది అందరికన్నా మెల్లగా నడవగలవారు. దారక్క అందరికన్నా చివర ఉంటుంది. కూతకు ఒకరి తరఫున మరొకరు పలకరాదు. చివర ఉన్న దారక్క పెంకుతో రాయిని తట్టాకనే బారు కదులుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు "మావల్ల ఏమవుతుందమ్మా?" అని చెక్‌పోస్టు దగ్గరే ఆగిపోనక్కరలేదు. మీరు రండి. మా దారక్కలు మీ వెనక ఉంటారు, మిగిలిన అందరూ మీ నడకకు తగ్గి నడుస్తారు. మొన్నటి కార్తీకంలో ఎనభై రెండేళ్ళ రిటైర్డు హెడ్మాస్టరు గారు ముప్పై మంది కాలేజీ పిల్లలను వెనకేసుకొని గుండం చేరారు. పొద్దున ఆరింటికి బయలుదేరిన బారు ఒంటిగంటకు చేరింది. దారిలో పిల్లలు నలభై ఒక్క రకాల పక్షులను గుర్తుపట్టి రాసుకున్నారు. ఆయన చేతికర్ర నేలకు ఆనించి, "ఏమ్రా, అలిసిపోయినారా?" అని వెనక్కి తిరిగి అడిగితే కొండ మారుమోగేలా నవ్వారు.

నడకల కాలం మొదలయ్యే తొలి ఆదివారం దారక్కలు ఒక్కొక్కరే, గుండం దగ్గర నాడు ఆమె నిలబడిన ఓబులక్క బండ ఎక్కి, గడచిన ఏడాది తాము చేసిన పొరపాటును అందరి ముందర చెబుతారు. యాత్రికులు విని, "ఇంక నడువు తల్లీ" అని కర్ర చేతికిస్తారు. తప్పు చెప్పనిదే కర్ర లేదు. తప్పే చేయలేదన్నవారికి ఆ ఏడాది బారు ఇవ్వరు.

భక్తితో ఈ కోన నడిచినవారికి వాన, పంట, సంతానం, ఆరోగ్యం కలుగుతాయని పెద్దలు చెబుతారు. అయితే ఆ ఫలం ముందు చేరినవారికి ముందుగా రాదు. చిట్టచివరి మనిషి పాదం గుండం నీళ్ళలో పడిన క్షణాన, బారులో ఉన్న అందరికీ ఒక్కసారే వస్తుంది.