కుళాయి వెనక గోడ

వల్లభరావు మాస్టారిని ప్రశ్న అడిగితే నోటితో జవాబు రాదు. చెప్పులు వేసుకుని లేస్తారు, ఎక్కడికో నడుస్తారు, అడిగినవాళ్లు వెనకాల వెళ్లాలి. చర్మవ్యాధుల విభాగంలో ఆయన దగ్గర చదివినవాళ్లందరం అలా నడిచినవాళ్లమే. జవాబు దొరికిందని మాత్రం అందరం చెప్పలేం.

ఆ రోజు ఓపీ ముగిసేసరికి మధ్యాహ్నం రెండున్నరైంది. మాకు మాట్లాడే ఓపిక కూడా లేదు. నాతో చదువుతున్న సుహాసిని మాత్రం అన్నం డబ్బా మూత తియ్యకుండా మాస్టారి ముందు నిలబడింది. ఆమెకు నూకరత్నం బెంగ పట్టుకుంది. నూకరత్నం పదకొండేళ్లు రొయ్యల షెడ్డులో ఐసు నీళ్లలో చేతులు పెట్టి పనిచేసిన మనిషి. మొదట చలికి వేళ్లు తెల్లగా పాలిపోయేవి. తరవాత వాచాయి. ఇప్పుడు చర్మం మందమెక్కి వేళ్లు ముడుచుకోవడం లేదు, అన్నం కలిపి ముద్ద చేసుకోలేకపోతోంది. మా ఆసుపత్రికి వచ్చి నెల అయింది. "నేనేం తప్పు సేసేనమ్మా, నా తోలు నన్నే బిగించేస్తంది?" అని ఆ ఉదయం సుహాసినిని అడిగిందట. ఆ మాటే సుహాసినిని మాస్టారి ముందుకు తెచ్చింది.

"సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి, మరమ్మతు చేసే కణాలు వచ్చి పీచు అల్లుతాయి, అంతవరకూ చదివాను సార్," అంది. "పని అయ్యాక అవి తప్పుకోవాలి కదా. ఈ జబ్బులో ఎందుకు తప్పుకోవు?"

మాస్టారు నిట్టూర్చి చెప్పులు వేసుకున్నారు.

ఆడవాళ్ల వార్డు చివర కుళాయి ఉంది. అక్కడ నూకరత్నమే నిలబడి దాన్ని తిప్పడానికి అవస్థ పడుతోంది. వేళ్లు వంగవు సరే, ఆ కుళాయి పిడి కూడా సగం సిమెంటులో కూరుకుపోయి ఉంది. పక్కన తాపీ మేస్త్రి సింహాద్రి ఎంతో శ్రద్ధగా గోడకి పూత వేస్తున్నాడు. పూత అప్పటికే జానెడు మందం ముందుకొచ్చింది. పక్క కిటికీ రెక్క తెరుచుకోవడం మానేసి చాలా కాలమైంది.

"గోడ చెమ్మగా ఉందా?" అని అడిగింది సుహాసిని.

"లేదండి. పైపు మార్చి మూడేళ్లయిపోనాది."

"మరి ఎందుకు వేస్తున్నావు?"

సింహాద్రి పక్కన తగిలించిన ఫిర్యాదుల బోర్డు చూపించాడు. "కుళాయి వెనక గోడ చెమ్మ. పూత వేయాలి," అని దాని మీద సుద్దతో రాసి ఉంది. మా ఆసుపత్రిలో ఫిర్యాదు ఎవరు రాస్తే వాళ్లే తుడవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ, రోగులకు మందులు అందకపోయినా ఇది మాత్రం తప్పదు. అది రాసిన హెడ్ నర్సు రిటైరై వెళ్లిపోయింది. సింహాద్రి నెలనెలా వస్తాడు, పూత వేస్తాడు. అక్షరాలు మాసిపోతే తనే దిద్దుతాడు కూడా.

"పైగా బీటలున్నాయి కదండి," అన్నాడు సింహాద్రి. "బీట కనిపించాక ఊరుకుంటే ఎలా?"

"ఆ బీటలు దేనికొచ్చాయి?"

అతను తాపీ ఆపి కాసేపు గోడకేసి చూశాడు. "మందం ఎక్కువైపోయండి," అన్నాడు మెల్లగా.

"అయితే మొత్తం కొట్టెయ్."

"కొట్టేస్తే లోపలి పైపూ ఉండదండి, గోడా ఉండదు. ఇక మీద వెయ్యకుండా ఊరుకోవడమే."

సుహాసిని మాస్టారి వైపు తిరిగింది. ఆయన ముఖంలో అంత అలసట నేనెప్పుడూ చూడలేదు. "నేనూ మూడేళ్లుగా ఈ దారినే వెళ్తున్నానమ్మా," అన్నారు. అని, వేళ్లు సందులో దూర్చి కష్టం మీద కుళాయి తిప్పారు. నీళ్లు సన్నగా వచ్చాయి.

నూకరత్నం చేతులు కడుక్కుంటుంటే సుహాసిని దగ్గరకు వెళ్లింది. "నువ్వు ఏ తప్పూ చెయ్యలేదమ్మా. ఎప్పుడో తగిలిన దెబ్బని నీ ఒళ్లు ఇంకా బాగుచేస్తూనే ఉంది. ఆ జోరు తగ్గించడానికే మందులు ఇస్తున్నాం."

నూకరత్నం తన చేతుల్ని చూసుకుంది, ఆ గోడని చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు తనది కాదన్న మాట విని నెల రోజుల్లో మొదటిసారి ఆవిడ భుజాలు కాస్త కిందికి దిగడం నేను చూశాను.

"మరి ఇంక సాలని దానికెవరు సెప్తారమ్మా?" అంది.

మాస్టారు జేబులోంచి రుమాలు తీసి తడిపారు. బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే తుడిచారు. సింహాద్రి కంగారుగా చూస్తూ నిలబడ్డాడు.

"ఇక్కడ రాసింది కంటికి కనబడింది," అన్నారు మాస్టారు, రుమాలు పిండుకుంటూ. "ఆవిడ లోపల ఎక్కడ రాసి ఉందో ఇంకా వెతుకుతున్నాం. పద, అన్నం తిని మళ్లీ మొదలెడదాం."