ఎవరూ అడగని మల్లారి

కూర్మాచార్యులుగారిని ప్రశ్న అడిగితే ముందు చెప్పులు తొడుక్కునేవారు. జవాబు నోటితో చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేవారు. శ్రుతి అంటే ఏమిటని అడిగిన ఒక శిష్యుణ్ణి బియ్యం మిల్లుకు తీసుకుపోయి, ఆ హోరులో అడుగున ఉన్న ఒక్క స్వరం పట్టుకునేదాకా అక్కణ్ణించి కదలనివ్వలేదు. అందుకని విజయనగరంలో ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్ళు సందేహం కలిగితే మొదట జేబు తడుముకునేవారు, బస్సు చార్జీలకు ఉన్నాయో లేవోనని. చాలామంది సందేహాలు జేబు దగ్గరే తీరిపోయేవి.

ఆ శిష్యుల్లో సుదర్శనం ఒకడు. ముప్పై ఆరేళ్ళవాడు, టెలిఫోన్ల ఆఫీసులో ఉద్యోగి, చెయ్యి అంతంతమాత్రం గాని చెవి మాత్రం గట్టిది. పాత కచేరీల రికార్డింగులు పదిమందీ పంచుకోవడానికి ఇంటర్నెట్లో ‘నాదపెట్టె’ అని ఒక చోటు నడుపుతున్నాడు. అందులోకి ఎవరు పడితే వాళ్ళు రాలేరు, లోపలివాళ్ళు ఎవరైనా పిలవాలి. పెట్టె అన్నమాటే గాని రికార్డింగులు అక్కడేమీ పోగుపడి ఉండవు. ఎవరి దగ్గరున్నవి వాళ్ళ కంప్యూటర్లోనే ఉంటాయి, అడిగినవాళ్ళకు అక్కణ్ణించే పోతాయి. ఎవరి దగ్గర ఏముందో చెప్పి ఇద్దరినీ కలపడం వరకే నాదపెట్టె పని. అందరూ పుచ్చుకునేవాళ్ళే అయితే ఇచ్చేవాడెవడు? అందుకని ప్రతి సభ్యుడి పేరు పక్కనా ఒక అంకె వేసేవాడు సుదర్శనం. ఇచ్చినదాన్ని పుచ్చుకున్నదానితో భాగిస్తే వచ్చే అంకె అది. ఒకటి ఉంటే సరికి సరి. సగానికి దిగితే హెచ్చరిక, మూడు హెచ్చరికలైతే వెలి.

సుదర్శనం అంకె నలభై ఒకటి. డిసెంబరులో మద్రాసు కచేరీలు ఇలా ముగిశాయో లేదో అలా పెట్టేవాడు. వందలమంది ఎగబడి తీసుకునేవారు. అంకె పొంగిన పాలలా పైకి లేచేది. దాన్ని చూసుకుని అతను మురిసిపోయాడంటే తప్పు పట్టడానికి లేదు. వయొలిన్ మీద రాని పేరు ఎక్కడో ఒకచోట రావాలి కదా మనిషికి.

ఆ పట్టికలో అట్టడుగున ‘రేడియోమెకానిక్’ అని ఒక సభ్యుడు ఉండేవాడు. అసలు పేరు ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళుగా పుచ్చుకుంటూనే ఉన్నాడు. ఇచ్చింది మాత్రం అందులో అయిదో వంతు కూడా లేదు. సుదర్శనం మూడుసార్లు హెచ్చరిక పంపాడు. మూడోదానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: ‘నా దగ్గరున్నవి ఎవరూ అడగరు సార్, అందుకే ఉంచాను.’ తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు చెప్పే సాకు ఇలాగే ఉంటుందనుకుని మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగుతూ, ఆ పేరు కొట్టేశాడు. కొట్టేశాడే గాని ఆ వాక్యం చెప్పులో రాయిలా కాలికి తగులుతూనే ఉంది. గురువారం పాఠం అయ్యాక ఉండబట్టలేక అడిగేశాడు.

“గురువుగారూ, పుచ్చుకున్నంత తిరిగి ఇవ్వనివాణ్ణి పదిమందిలోంచి తీసెయ్యడం ధర్మమేనా?”

ఎప్పుడు తీసేశావని ఆచార్యులుగారు అడిగారు. మంగళవారం అన్నాడు. ఆయన వయొలిన్ పెట్టెలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నారు.

చంపావతి నది దాటి రెండు బస్సులు మారి వాళ్ళు దిగిన ఊళ్ళో సన్నాయి సింహాద్రి అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎనభై ఒక్క ఏళ్ళ నాదస్వర విద్వాంసుడు. ఆ ఊరి స్వామి తొమ్మిది రోజుల ఉత్సవంలో ఆఖరి ఊరేగింపుకు సింహాద్రి ఇంటివాళ్ళు ఒక మల్లారి వాయిస్తారు. మల్లారి అంటే దేవుడు వీధిలోకి వచ్చినప్పుడు మేళం పట్టే వరుస. అది ఎన్నో చోట్ల ఉంది గాని, ఈ ఇంటి మల్లారి ఈ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. నాలుగు తరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిందే, రాత లేదు. దాన్ని నేర్పడానికీ వాళ్ళకొక కట్టడి ఉంది. తొమ్మిది రోజుల ఉత్సవమూ పెద్దల సాయం లేకుండా ఒంటరిగా వాయించి నెగ్గినవాళ్ళకే అది చెప్పాలి. ముందే చెబితే నోటికి పొగరెక్కుతుందని పెద్దలు అనేవారట. సింహాద్రి కొడుకు నేర్చుకున్నాడు గాని తండ్రి కంటే ముందే పోయాడు. అప్పటినుంచి ముసలాయన మల్లారి ముట్టలేదు, ఇరవై ఏళ్ళుగా అది వీధిలో మోగలేదు. మనవరాలు నూకరత్నం ఈ ఏడే తొమ్మిది రోజులూ వాయించి నెగ్గింది. మంచి రోజు చూసి పాఠం మొదలుపెడదామనుకున్న వారంలోనే ముసలాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.

నూకరత్నం గుమ్మంలోకి వచ్చి వాళ్ళకు చాప వేసింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, నిద్ర లేని కళ్ళు. లోపల నులక మంచం మీద సింహాద్రి, పక్కన స్టూలు మీద ఒక పాత ల్యాప్‌టాప్.

“డాక్టరుగారు సెప్పీసినారు పంతులుగారూ. మళ్ళా ఒక్కసారి వస్తే ఉండడన్నారు” అంది గొంతు తగ్గించి. “ఎడం సెయ్యి ఒక్కటే ఆడతాది. తాళం ఎయ్యగలడు, తప్పయితే మంచం పట్టె మీద కొడతాడు. పాట ఒకటి దొరికితే సాలు, విని నాను వాయిస్తాను, తాత దిద్దుతాడు. మీ దయ వల్ల దొరికినాది. దొరికి ఆగిపోనాది.”

ఆచార్యులుగారే మూడు వారాల కిందట ఆమెను నాదపెట్టెలోకి పిలిచారు. సుదర్శనం అంత పట్టించుకోలేదు, రోజూ ఎవరో ఒకరు చేరుతూనే ఉంటారు. ఆమె వెతికితే తాత వాయించిన మల్లారి దొరికింది. నలభై అయిదేళ్ళ కిందట ఎవరో వీధిలో నిలబడి టేపు రికార్డరులో పట్టిన ఇరవై ఏడు నిమిషాలు. అది ఒక్క మనిషి దగ్గరే ఉంది. అతను ఇస్తున్నాడు, పల్లెటూరి నెట్టు కాబట్టి సన్నధారగా వస్తోంది. సుదర్శనం వంగి తెర మీదికి చూశాడు. వచ్చింది నూటికి అరవై ఒకటి. ఆగింది మంగళవారం సాయంత్రం ఆరున్నరకు. ఇస్తున్నవాడి పేరు చదవవలసిన పని అతనికి లేకపోయింది.

“బాబూ, మీరే కదా అది నడుపుతారు” అంది నూకరత్నం. “ఆ ఇచ్చే ఆయన ఎవరో మీకు తెలుసా? రెండు రోజులనుంచి లేడు. ఆయనకేటి కష్టం వచ్చిందో ఏటో. ఒక్కసారి కనుక్కోండి బాబూ.”

సుదర్శనానికి అబద్ధం ఆడదామని కూడా తోచింది, ఆ సంగతి తరువాత అతనే చెప్పుకున్నాడు. “ఆయనకేమీ కాలేదమ్మా. నేనే తీసేశాను” అన్నాడు.

“ఏం తప్పు సేసినాడు?”

“పుచ్చుకున్నంత ఇవ్వలేదు.”

ఆమెకు అర్థం కాలేదు. కోపం కూడా రాలేదు, వస్తే బాగుండేదనిపించింది అతనికి. “నాకు ఇస్తన్నాడు కదా బాబూ” అంది.

అతను అక్కడే కూర్చుని తన ఫోనులోంచి ఆ పేరు తిరిగి చేర్చడానికి చూశాడు. కొట్టేసిన సభ్యుడు మళ్ళీ రావాలంటే కొత్త తాళంచెవి లాంటిది ఒకటి పంపాలి, దాన్ని అతను అందుకుని తన కంప్యూటర్లో పెట్టుకోవాలి. హెచ్చరికలు పోయిన దారి లోపలివాళ్ళకే, కొట్టేసినవాడికి అది మూసుకుపోయింది. పంపడానికి ఉన్నది పదకొండేళ్ళ నాటి మెయిలు చిరునామా ఒక్కటే. పంపినది పంపినట్టే తిరిగి వచ్చింది. ఆ మెయిలు నడిపిన సంస్థే మూతపడిందట. అప్పుడు గాని సుదర్శనం అతని పాత చిట్టా తెరిచి చూడలేదు. నాలుగు వందల పన్నెండు రికార్డింగులు. ప్రతి ఒక్కటీ ఆఖరి మనిషి దగ్గర మిగిలి, ఆ మనిషి కూడా వెళ్ళిపోయే ముందు తీసుకున్నదే. భజన మేళాలు, ఊరి సన్నాయిలు, పేరు లేని హరిదాసులు. తీసుకుని, పదకొండేళ్ళు రాత్రీ పగలూ కంప్యూటర్ కట్టెయ్యకుండా, అడిగేవాళ్ళ కోసం కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు. అందుకే అతని అంకె లేవలేదు.

“వచ్చినంత వరకే పెట్టు తల్లీ, విందాం” అన్నారు ఆచార్యులుగారు.

ఇలా వచ్చే పాట మొదటినుంచి వరుసగా రాదు, దొరికిన ముక్క దొరికినట్టు వచ్చి చేరుతుంది. రాని చోట నిశ్శబ్దమే ఉంటుంది. నూకరత్నం పాట పెట్టి నాదస్వరం అందుకుంది. నలభై అయిదేళ్ళ కిందటి సింహాద్రి వీధిలోకి వచ్చాడు. ఏం ఊపిరి అది! మంచం మీది ఎడమ చెయ్యి లేచి తాళం అందుకుంది. ఆమె ఒక్కొక్క మెలికా పట్టుకుని వెంట నడిచింది. రెండు నిమిషాలు నడిచాక పాట తెగిపోయింది. ఆమె నాదస్వరం ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఏమీ వినిపించని చోట కూడా అది తడబాటు లేకుండా తాళం వేస్తూనే ఉంది, ఎక్కడ విరవాలో అక్కడ విరుస్తూ, ఎక్కడ రెట్టించాలో అక్కడ రెట్టిస్తూ. ఆ మల్లారి మొత్తం ఆ తలలో చెక్కుచెదరకుండా ఉంది. బయటికి రావడానికి దారి లేదు.

ముసలాయన కళ్ళు తిప్పి మనవరాలి వంక చూశాడు. ఆమె వాయించడం లేదు. పట్టె మీద ఒక్క దెబ్బ వేశాడు.

“ఇందులో లేదు తాతా! పాట తెగిపోనాది!” అని ఆమె చెవి దగ్గర అరిచింది. అది ఆయన బుర్రకెక్కలేదు. ఆయనకు తెలిసిందల్లా పిల్ల తప్పుతోందనే. మళ్ళీ కొట్టాడు, మొదటినుంచి పట్టమని. ఆమె మొదటినుంచి పట్టింది. మళ్ళీ అదే చోట ఆగింది. అలా ఆరుసార్లు. ఆరోసారి ఆయన కొట్టలేదు. చెయ్యి దించేసి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పిల్లకు విద్య అబ్బలేదనే అనుకున్నాడు ఆ మనిషి. నూకరత్నం నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది.

సింహాద్రి పన్నెండో రోజున పోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎలా ఉంటుందో సుదర్శనం ఆ ఏడాదంతా అనుభవించాడు. అంకెలు తీసేశాడు, వెలి తీసేశాడు. నాదపెట్టె మొదటి పేజీలో ప్రకటన పెట్టాడు, రేడియోమెకానిక్ ఎవరో తెలిసినవాళ్ళు చెప్పండని. విశాఖపట్నంలోనూ రాజమండ్రిలోనూ పాత రేడియో దుకాణాలు తిరిగాడు. ఎవరూ దొరకలేదు. ఆ కంప్యూటర్ ఎక్కడో ఇప్పటికీ వెలుగుతూనే ఉందేమో. అడిగేవాళ్ళు రావడం లేదని అతనికి అనుమానం కూడా వచ్చి ఉండదు, అది అతనికి అలవాటైన సంగతే.

మరుసటి ఏడు ఉత్సవానికి గురువూ శిష్యుడూ ఇద్దరూ వెళ్ళారు. ఎండ వాలుతుండగా స్వామి వీధిలోకి వచ్చాడు. నూకరత్నం మల్లారి అందుకుంది. రెండు నిమిషాలు నడిచాక నాదస్వరం పెదవుల మీదినుంచి దించింది. డోలు ఒక్కటే మోగింది, ఆ చెయ్యి వేసిన తాళమే, విరుపుతో సహా. ఇంతసేపని లెక్క ఉన్నట్టుగా ఆగి, మళ్ళీ అందుకుంది. అలా పదిచోట్ల తెగింది, పదిచోట్ల అతుక్కుంది. ఖాళీలు ఏదైనా అల్లి పూడ్చుకోరాదా అని ముందురోజు ఆచార్యులుగారే ఆమెను అడిగారు. “లేనిది నాను కల్పించను పంతులుగారూ. తాత ఒప్పుకోడు” అందామె.

జనంలో సుదర్శనం పక్కన ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. పట్నంనుంచి కారులో వచ్చినవాడు, సంగీతం తెలిసినవాడే. ఫోనులో రికార్డు చేసుకుంటున్నాడు. డోలు ఒంటరిగా మోగినప్పుడల్లా కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఊరేగింపు దాటిపోయాక సుదర్శనం వైపు తిరిగి, “విన్నారా ఆ మౌనాలు! ఎక్కడ ఊదకూడదో తెలిసినవాళ్ళండీ మన పెద్దలు! ఇంత విద్య ఇప్పటివాళ్ళకు వస్తుందా?” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

సుదర్శనం అది భరించలేకపోయాడు. గురువుగారి చెవి దగ్గరికి వంగి, “అది అలా కాదని ఈయనకు చెప్పెయ్యమంటారా?” అన్నాడు.

ఆచార్యులుగారు మేళం వెళ్ళినవైపే చూస్తున్నారు.

“ఎలాగని చెబుతావు నాయనా? ఇకనుంచి అది అలాగే” అన్నారు.